ఆరో గడి

లాకుల ఆఫీసులో నా పని
పాత రిజిస్టర్లను కంప్యూటర్లో గళ్ళు చేయడం.
కాంట్రాక్టు; ఆరు నెలలు; పేజీకి ఇంతని.

నిలువుగా ఆరు గళ్ళు.
తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం,
ఎత్తిన తలుపులు, రిమార్కులు.
అడ్డంగా ఎన్ని వరసలో
అమలాపురం కాలవే చెప్పాలి.

రిజిస్టరు గీసినవాడు లస్కరు సంగాడి లోవరాజు.
స్కేలు లేదేమో,
కొబ్బరీనె పెట్టి గీశాడు.
ప్రతి గీతా చివర్లో వెంట్రుకంత
ఈనె వంపుకే వంగుతుంది.
నా తెర మీద గీతలు వంగవు.
మొదటి వారం అదే గొప్పనుకున్నాను.

అయిదు గళ్ళ దాకా లస్కర్లందరూ ఒకటే:
నాలుగడుగుల రెండంగుళాలు, మూడు తలుపులు.
ఆరో గడి దగ్గరే
లోవరాజు లోవరాజవుతాడు.

"గుర్రపుడెక్క అడ్డుపడినది. ముగ్గురు మనుషులతో తీయించితిని."
"కాయల పడవ దాటినది. సరంగు తగువు పెట్టినాడు."
"దూడ కొట్టుకొని వచ్చినది. ఆసామీ తెలియరాలేదు.
గంజి పట్టితిని."
మర్నాడు: "దూడ క్షేమం."
ఆ మర్నాడూ: "క్షేమం."
అక్టోబరు ఆఖరుకి
ఎగువ మట్టం గడిలోకి కూడా దూడే వచ్చేసింది.

మాటలు పొర్లిన చోట
పేజీ అడ్డంగా తిప్పి రాశాడు,
నేను మెడ వంచి చదువుకున్నాను.
నా గడి ఎంత రాస్తే అంత సాగుతుంది,
పక్కవాటిని నొక్కుకుంటూ.
శివారు రైతుకు నీరందనట్టు
మట్టాల అంకెలు సన్నబడిపోతాయి.

తొంభై ఆరు, నవంబరు ఆరు.
పొద్దున్న మట్టం ఉంది. మధ్యాహ్నం ఉంది.
సాయంత్రం "గాలి" అని ఒక్క మాట.
ఆ తర్వాత మూడు రోజులు
గళ్ళున్నాయి, ముందే గీసి పెట్టుకున్నవి.
లోపల సిరా లేదు. ఒండ్రు మరక ఉంది.
దాన్ని ఏ వరసలో కొట్టను?

పదో తారీకు, వేరే కలంతో:
"గేజి రాయి ఎక్కడున్నదో తెలియనందున మట్టం వ్రాయలేదు."
దూడ మాట లేదు.

ఏఈ గారు వెనక నుంచుని చూశారు.
"సగటు రావట్లేదమ్మా, ఎర్రగా చూపిస్తోంది.
ఖాళీల్లో సున్నాలు కొట్టెయ్. శుక్రవారం పంపాలి."

సున్నా అంటే ఏమిటండీ?
కాలవ కట్టేసిన వేసవిలో
అడుగున నెర్రెలు తేలి
పిల్లలు క్రికెట్టాడే మట్టం సున్నా.
లోవరాజు మే నెలలో దాన్నీ రాశాడు,
గుండ్రంగా, జాగ్రత్తగా.
ఈ మూడు రోజులూ నీళ్ళు లేక ఖాళీ కాదు,
నీళ్ళే ఉండి ఖాళీ.

పైగా మన అక్షరాలు చూడండి.
గడిలో సున్నా పెడితే
గండి.

ఆయన నవ్వారు. నవ్వి,
"శుక్రవారం" అన్నారు.

పుస్తకం ఇంటికి తీసుకెళ్ళకూడదు గనక
చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.
కింద తలుపు సందుల్లోంచి
నీళ్ళు కారుతున్న చప్పుడు.
మూడు రోజుల గళ్ళూ ఎంచి, కలిపేశాను.
మధ్యలో గీతలు పోయాయి.
ఏటిగట్టు మీంచి అవతలి ఒడ్డు కనపడనంత తెలుపు.

సగటు రాలేదు.

ఆరో గడిలో కాంట్రాక్టు మనిషి రాయకూడదు.
అయినా కొట్టాను, ఎవరి చేతివాటమో నా వేళ్ళకొచ్చి:
"మట్టం తెలియరాలేదు.
దూడ సంగతీ తెలియరాలేదు.
ఖాళీగా ఉంచితిని."