ఆరు నుంచి ఏడు దాకా

లోసాన్‌లో పొద్దున తొమ్మిదిన్నర.
మంచినీళ్ళ గ్లాసుల మీద కాగితపు మూతలు.
బల్లకి అటు ముగ్గురు మధ్యవర్తులు,
ఇటు బురుల్, అరవై రెండు కిలోల కుస్తీ పిల్ల,
పక్కన నేను, దుబాసీని,
రోజుకింతని నోరు అద్దెకిచ్చుకునేదాన్ని.

ఈ పనికి ఒకటే నియమం:
ఆమె "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
"ఆమె అంటోంది" అనకూడదు.
అందుకని ఆ రోజంతా
కుస్తీ పరుపు మీద ఏనాడూ కాలు పెట్టని నేను
ఏడాదిలో మూడుసార్లు పరీక్ష తప్పాను.

తప్పానంటే మందు దొరికిందని కాదు.
వాళ్ళు సీసా పట్టుకుని వచ్చినప్పుడు
నేనక్కడ లేను. అంతే.

మొదటిసారి బిష్కెక్‌లో, నాలుగో అంతస్తు,
కాలింగ్‌బెల్ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో.
ఆయన గంటసేపు నొక్కాడట,
నేను లోపలే నిద్రపోతున్నాను.
రెండోసారి ఇస్తాంబుల్‌లో విమానం ఆగింది,
ఫోను ఆరిపోయింది, మార్చాల్సిన గడి మార్చలేదు.
అది నా తప్పే, అన్నాను.
బురుల్ బల్ల మీది నీటిచుక్కని
బొటనవేలితో అదిమి పట్టుకుంది,
భుజం ఆనించినట్టు.

మూడోది జులై పంతొమ్మిది.

సమాఖ్య లాయరు ఫావ్రొ ఫారాన్ని తెర మీద వేసింది.
రోజుకి ఒక గంట, మూడు నెలల ముందే
నీ చేత్తో నువ్వు రాసిచ్చిన గంట.
ఆరు నుంచి ఏడు. చిరునామా గడిలో ఏముంది, చదవండి.

సోన్‌కుల్ సరస్సు, ఉత్తరపు ఒడ్డు,
వంతెన దాటాక మూడో గుడారం,
తెల్ల గుర్రం కట్టేసి ఉంటుంది.

అధికారి తీసిన ఫొటో ఆ తర్వాత:
పచ్చటి గడ్డిలో గుండ్రంగా ఒక పసుపు మచ్చ,
దాని నడుమ గుప్పెడు బూడిద.
మనిషి లేదు, గుర్రం లేదు.

బురుల్ ఆ మచ్చని చాలాసేపు చూసింది.
అవును, అది మా ఇల్లే.
అవును, అన్నాను నేను ఇంగ్లీషులో, అది మా ఇల్లే.
నా గొంతు కొంచెం జీరపోయింది.
దుబాసీకి అది కూడా ఉండకూడదు.

గడ్డి అయిపోయింది.
గొర్రెలు ఎటు మేస్తే ఇల్లు అటు.
కొండ అవతల సిగ్నల్ లేదు,
సిగ్నలున్న గుట్టకి గుర్రం మీద రెండు గంటలు.
"రెండు గంటలు," రాసుకుంది ఫావ్రొ,
"అంటే వెళ్ళగలిగినంత దూరమే."

నడిమి కుర్చీలోని థ్యూగెసెన్ కళ్ళజోడు తీశాడు.
చెడ్డవాడు కాదు. నిదానంగా అడిగాడు:
ఈ గంట ఎందుకు పెట్టామో తెలుసా అమ్మాయ్?

తెలుసు, అన్నాను.
నన్ను ఓడించి కంచు పట్టుకుపోయిన ఆవిడ
మూడేళ్ళ తర్వాత ఇలాంటి గంటలోనే దొరికింది.
ఆ పతకం నాకు పోస్టులో వచ్చింది,
బుడగల కవరులో.
ఆ చిరునామా మాత్రం సరిగ్గానే రాశారు.

ఎవరూ నవ్వలేదు.
ఒకరు గ్లాసు మీది కాగితం మూత తీసి
మళ్ళీ పెట్టేశారు.

ఆరు వారాలకి తీర్పు, నలభై ఒక్క పేజీలు.
తప్పిపోవడం వేరు, తప్పించుకోవడం వేరు అని
పదకొండు పేజీలు ఓపిగ్గా ఒప్పుకుని,
అయినా తప్పు తప్పే అని
పన్నెండో పేజీలో తేల్చారు.
రెండేళ్ళు కాదు, పద్దెనిమిది నెలలు.

బురుల్ ఫోన్ చేస్తే చదివి వినిపించాను.
కాగితంలో ఎక్కడా "నేను" లేదు.
క్రీడాకారిణి దాగినట్టు రుజువు లేదు.
క్రీడాకారిణి ఇంకొంచెం జాగ్రత్త పడవలసింది.
మొదటిసారి ఆమెని "ఆమె" అన్నాను,
బయటికి నెట్టి తలుపేసినట్టుంది.

నిషేధంలోనూ ఫారం నింపాలా?
నింపాలి, తిరిగి ఆడాలంటే.
జులై గడిలో ఏం రాయను?

నేను లాయర్ని కాదు.
తెల్ల గుర్రం అని మాత్రం రాయకు, అన్నాను.

అవతల గాలి చప్పుడు. ఏ గుట్ట మీదుందో.
అది ఈనిందక్కా, అంది.
ఇప్పుడు రెండు.