పంతొమ్మిదో కార్బన్

మెక్సికో సిటీలో, ప్రయోగశాల మూడో అంతస్తున
యూలాలియా త్సోంపాష్ట్లే బల్ల మీద
సీసాలో చిటికెడు తెల్లపొడి.
ఏ సొరుగులోకి పోవాలి ఇది?

మూడు ఆరుమూలల గదులు, చివర ఐదుమూలల వసారా.
స్టెరాయిడ్లన్నిటికీ ఇల్లు అదే.
ఒంట్లోకి వెళ్తే ప్రొజెస్టిరోన్ పని చేస్తుందట,
కుందేళ్ళు సాక్ష్యం.
పనితో పనిలేదు వర్గీకరణకి.
అతికించినవి పక్కన పెట్టి
ఎముకలు లెక్కపెట్టమంటుంది.
ఇరవై ఒకటైతే ప్రెగ్నేన్,
పంతొమ్మిదైతే ఆండ్రోస్టేన్.
ఇక్కడ పద్దెనిమిదే.
ఎస్ట్రేన్ సొరుగు లాగింది.

పంతొమ్మిదో కార్బన్ ఉండాల్సిన చోట
ఒట్టి హైడ్రోజన్.
పేరు ముందు 'నార్' అని టైపు కొట్టింది.
నార్ అంటే, ఒకటి తక్కువ.

పాపలోవాపాన్ ఒడ్డున బర్బాస్కో దుంపలు తవ్వే
వాళ్ళ నాన్నని
ఎలేఊతేరియో అని పిలిచేవాళ్ళు లేరిప్పుడు.
కత్తి జారి చూపుడువేలు తెగిపడ్డప్పట్నించీ
ఊరందరికీ 'మోచో'.
మొండివేలోడు.
ఆ పిలుపుకే పలుకుతాడు,
పైగా నవ్వుతాడు.

కార్డు అడుగున ఇంకో గడి మిగిలింది,
చేత్తో నింపాల్సింది.
మూలం:

కలం పట్టుకుని
కాసేపు తన వేళ్ళు చూసుకుంది.
అందరూ రాసేదే రాసింది, బర్బాస్కో అని.
అక్షరాలు గడి దాటి
కొంచెం బయటికొచ్చాయి.