రెండో గేరు

అషోత్స్క్‌లో చలికాలపు ఉదయం వేళకు రాదు.
తొమ్మిదైనా కొండలింకా నీలంగానే ఉంటాయి.
నా నీవా కారుకి ఇరవై ఆరేళ్ళు,
తలుపు తన్నితేగానీ తెరుచుకోదు.
డిసెంబరు చివర్లో ఒకరోజు
మొదటి గేరు వేయబోతే
మోచేతి దాకా ఎదురు చెప్పింది.
రెండోది పళ్ళు కొరికింది.
రివర్సు ఏమందో చెప్పను, పిల్లలు వింటారు.

నేను పశువుల డాక్టర్ని.
అర్ధరాత్రి ఫోను మోగిందంటే
ఎక్కడో ఒక ఆవు
అడ్డం తిరిగిన దూడతో నిలబడి ఉంటుంది.
గేరు పడేదాకా ఆగమని
దానికి ఎవరు చెబుతారు?

ఊళ్ళో అందరూ వైద్యులే.
రొట్టెలమ్మే వాఘినాక్ అన్నాడు:
"ఆయిలు చలికి పేరుకుంది, మార్చు."
మార్చాను. ఇరవై వేల డ్రాములు.
రెండు రోజులు నయమనిపించింది,
మందు మింగాక ఎవరికైనా అనిపించినట్టే.
మా బావ అన్నాడు:
"గేర్‌బాక్సు పోయింది. అమ్మెయ్యి.
నేనే కొనుక్కుంటాలే."

గ్యూమ్రీలో, రైలుపట్టాల పక్కన రేకుల షెడ్డులో
హ్రాచిక్ బానెట్టు ఎత్తనే లేదు.
"ఇంజను ఆపు."
ఆపాను.
"ఇప్పుడు వెయ్యి."
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
వెన్నలో వేలు దిగినట్టు.
రివర్సు కూడా, బుద్ధిమంతురాలిలా.
"స్టార్ట్ చెయ్యి."
మళ్ళీ అదే మొండితనం, అదే పళ్ళ నూరుడు.

"అయితే తప్పు పెట్టెది కాదు," అన్నాడు.
"క్లచ్ వదలడం లేదు.
లోపల తిరిగేది తిరుగుతూనే ఉంటే
మధ్యలో దూరమని గేర్లని నెడుతున్నావు."
నేను మాట్లాడలేదు.
తొందరపడి లాగిన దూడల కాళ్ళు
నేను చూసినన్ని ఎవరు చూశారు?

ద్రవం పోసే డబ్బా చూశాడు: నిండుగానే ఉంది.
కిందికి దూరి సిలిండరు మూతిని వేలితో తుడిచి
వాసన చూశాడు: పొడి.
"తొక్కు."
తొక్కాను.
"పూర్తిగా!"
"పూర్తిగానే తొక్కాను, హ్రాచిక్!"
"కడ్డీ సగమే కదిలింది.
అబద్ధం చెప్పేది నీ కాలైనా కావాలి,
కాలికింద నేలైనా కావాలి."

బురద ఓడుతూ బయటికొచ్చి
నా బూటు పక్కకి తోసి
పెడలు కింద చెయ్యి పెట్టాడు.

తివాచీ.

బావ్రాలో కవల దూడలు పుట్టిన రాత్రి
ఫీజుకి డబ్బుల్లేక నోయెమ్‌జార్ ఇచ్చిన ముక్క.
ఎర్ర ఉన్ని, అంచున గొర్రెకొమ్ముల వరస.
తుప్పు తిన్న కారు నేలలోంచి
గాలి పిక్కలు పీకుతోందని
రెండు మడతలు వేసి పరిచాను,
తొలి మంచు పడ్డ వారంలో.
బొటనవేలంత మందం.
రెండో గేరుకీ నాకూ మధ్య
ఉన్నదంతా ఆ బొటనవేలే.

"ఎప్పటినుంచి?" అని ప్రతి రైతునీ అడుగుతాను.
పాతికేళ్ళుగా అదే నా మొదటి ప్రశ్న.
నన్ను నేను అడగలేదు.

"ముందరికాళ్ళకి బంధం నువ్వే వేసి
గుర్రం నడవదంటే ఎలా, డాక్టర్?"
నవ్వాడు. డబ్బు తీసుకోలేదు.
షెడ్డు మూల తల విదిలిస్తున్న కుక్కని చూపించాడు.
చెవిలోంచి గడ్డిముల్లు ఒకటి తీశాను,
బియ్యపు గింజంత.
అది లేచి, ఒళ్ళు దులుపుకుని,
మా ఇద్దరినీ పట్టించుకోకుండా వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో రెండో గేరు
పడిందో లేదో తెలియనంత మెత్తగా పడింది.
ఖాళీ రోడ్డు మీద, అవసరం లేకపోయినా,
నాలుగుసార్లు వేసి తీశాను.
పాదాలు మాత్రం కొయ్యబారాయి.
తివాచీ వెనకసీటు మీద ఉంది.
నోయెమ్‌జార్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.

ఊరు చేరాక రొట్టెల కొట్టు దగ్గర ఆగాను.
"బండి ఎలా ఉంది?" అన్నాడు వాఘినాక్.
"బాగుంది."
"చెప్పానా, అంతా ఆయిల్లోనే ఉందని!"
రొట్టె వేడిగా ఉంది.
రెండు చేతులా పట్టుకుని
ఊరుకున్నాను.