గరగర

బందరువానిపేట ఇసకలో
సూరాడ ఎర్రమ్మ రేడియో విప్పి కూర్చున్నాను.
కూలికి దోసెడు నెత్తళ్లు.

సముద్రమ్మీద మెరిసింది.
ఆ క్షణానే రేడియోలో గరగర.
ఒక్క కడుపున పుట్టినవి,
ఒకటి కంటికొచ్చింది, ఒకటి ఏరియల్‌కి.

ఉరుమింకా దారిలోనే ఉంది,
గాలిని తోసుకుంటూ.
ఎర్రమ్మ వేళ్లు మడిచింది. పన్నెండు.
"నాలుగు కిలోమీటర్లు" అన్నాను.
"మా గుంటడు ఇవతలే ఉంటాడు" అంది.

ఆనక అడిగింది:
"కెరటానికి నీళ్లు కావాల, ఉరుముకి గాలి.
మెరుపుకేటీ అక్కర్నేదా?"
"ఏమీ లేనిచోటా నడుస్తుంది."
"అయితే ఎవడికీ బాకీ నేదన్నమాట."

చీకట్లో, నీళ్లకవతల,
టార్చి మూడుసార్లు వెలిగింది.
కేక చెవినపడేలోగా
ఎర్రమ్మ లేచిపోయింది.
నా ఒళ్లోంచి స్క్రూ ఒకటి జారింది,
ఇసకలో
ఇంకా వెతుకుతున్నాను.