ఇన్వర్డ్ ముద్దర

పదకొండేండ్ల సంది నాదొక్కటే పని.
వచ్చిన కాయితం మీద తేదీ తిప్పి, నంబరేసి,
ఊదారంగు ముద్దర గుద్దుడు.
చదువుడు నా పని కాదు.

డ్రైవర్ ఓదెలు మొదటి అర్జీ ఎండకాలంల తెచ్చిండు.
"డబుల్ డ్యూటీ ఇంక నాతోని కాదు సార్.
ములుగు రోడ్డెక్కంగనే
గుండె బస్సు కన్న ముందు ఉరుకుతంది.
నిద్ర పడ్తలేదు."
గుద్దిన.
మేనేజర్ సారు దాని మీద చాయ్ గ్లాసు పెట్టిండు.
ఆ గుండ్రటి మరక ఇప్పటికీ ఉన్నది,
ఎగ్జిబిట్ ఒకటి.

రెండోది వానల్ల.
తడవకుండ అంగి లోపల పెట్టుకొచ్చిండు.
"స్టీరింగ్ మీది చేతులు నాయేనా అని
ఒకటికి రెండుమార్లు చూసుకుంటున్న."
గుద్దిన.
డ్రామాలన్నరెవరో. నేనూ నవ్విన.
ఆ నవ్వు ఏ రిజిస్టర్ల ఎక్కలే.

మూడోది,
పైన "అయ్యా," అని.
కింద సంతకం.
నడుమ తెల్లకాయితం.
ఖాళీ కాయితానికి ముద్దర వెయ్యద్దని రూలేం లేదు.
గుద్దిన.

తొమ్మిది దినాలకు
హసన్‌పర్తి దాటినంక నడిరోడ్డు మీద బస్సాపిండు.
ఇంజన్ నడుస్తనే ఉన్నది. చేతులు చక్రం మీదనే ఉన్నయి.
అరవై మంది తిట్టుకుంట దిగిన్రు.
ఒక ముసలామె మాత్రం
నీళ్ళసీసా ఆయన ఒళ్ళె పెట్టి దిగింది.
ఎవ్వరికీ దెబ్బ తాకలే.
గందుకే, దెబ్బే లేదన్నరు.
ఫారంల అడుగుతరు: ఏ అవయవం?
వేలు పోతే లెక్కున్నది, కన్ను పోతే లెక్కున్నది.
ఓదెలుకు వేళ్ళన్నీ ఉన్నయి,
కండ్లు రెండూ ఉన్నయి,
రాత్రంత తెరుచుకోని.

కొమురమ్మ ఇప్పుడు కుక్కర్ పెడ్తలేదు.
విజిల్ పడ్డదా, ఆయన కుడికాలు
బండల నేలను బ్రేకు లెక్క తొక్కుతది,
పిక్కలు పట్టేసేదాక.
గంజి వార్చే గిన్నె మళ్ళ అటక దిగింది.

వరంగల్ లేబర్ కోర్టుల మా వకీలు లేచిండు.
"యాజమాన్యానికి తెలియదు.
తెలిసే దారి కూడా లేదు."
ఆవలి వకీలమ్మ ఏమనలే.
మూడు కాయితాలు నా ముందట పరిచింది.
"ఈ ముద్ర మీరు వేసిందేనా?"

నాకింక రెండేండ్ల సర్వీసున్నది.
వేలి సందుల ఊదారంగు ఎన్ని సబ్బులకూ పోలేదు.
తెలిసే దారి అంటే ఏంది,
నా టేబులే కద.

"నేనేసిందే" అన్న.

"మూడోది చదవండి" అన్నరు జడ్జి.
"అయ్యా," చదివిన.
ఆగిన.
ఫ్యాను కింద కాయితం అంచు కొట్టుకుంటంది.
"అంతేనా?"
"అంతే కాదు సార్. ఇంకా చానా ఉన్నది.
అప్పుడు నేను చదవలే."

స్టెనో వేళ్ళు ఆగినయి.
దీన్నెట్ల కొట్టాల్నో ఆమెకు సమజైతలేదు.

కాజీపేట దిక్కు ఏదో బండి కూత వేసింది.
వెనక బెంచీ కింద
ఓదెలు కుడికాలు.