ఇరవై ఒకటి

ధర్మాబాద్ మిర్చి యార్డుల
పొద్దంతా కాంటా చిట్టీలు రాస్తా.
రాత్రయినంక, వేళ్లు ఇంకా మండుతుంటె
కండ్లు నలుచుకోకుండ జాగ్రత్తపడి
ఫోన్ల గుర్రాలను మేపుతా.

పన్నెండు కొట్టాలున్నయి నాకు.
పదమూడోది కావాల్నంటె పైసలు కట్టాలె,
అంత పిచ్చి ఇంక ముదరలే.
మనకు ఒక్క రోజంటె అక్కడ నెల.
ఒక జీతానికీ ఇంకో జీతానికీ నడుమ
పుట్టిన పిల్ల రెండున్నరేండ్లదైతది,
జీనుకు అలవాటు పడతది.

కుంకుడును పోలా పండుగ నాడు కొన్న.
బజార్ల ఎడ్ల కొమ్ములకు రంగులేస్తున్నరు,
నేను అరుగు మీద కూసోని
నాలుగేండ్ల గుర్రానికి పేరు వెతుకుతున్న.
కుంకుడు గింజ నలుపు.
వెనక ఎడమ కాలికి తెల్ల మేజోడు.
మూడు కప్పులు. ఏడు కాన్పులు.
ఇప్పుడు దాని పేరు పక్కన ఇరవై ఒకటి.

ఇరవై రెండు నిండితె ఇంక చూలు నిలవదు,
రేటు ఒక్క రాత్రిల సగం.
ఇరవై ఐదు దాటితె ఎవ్వలూ కొనరు,
దాణా మాత్రం పడుచు గుర్రానికెంతో దానికీ అంతే.
దాని బిడ్డ పసుపుకొమ్ము రేపు పొద్దున ఈనుతది.
పిల్లకు కొట్టం లేదు.

లెక్క నాకు తెల్వక కాదు.
రంగు దిగకముందె అమ్ముకోండ్రని,
తొడిమె ఎండితె తూకం పోతదని
బిలోలి దిక్కు నుంచి వచ్చే రైతులకు
రోజూ చెప్పేది నేనే.
నిన్న ఒకాయన వినలే.
ఒక్కొక్క రేటు వినుకుంట
బస్తా మీది చెయ్యి మాత్రం తీయలే.
ఆఖరికి ఎవ్వడూ పెట్టని రేటు ఒకటి చెప్పి
బస్తాలు మల్ల బండికెత్తుకున్నడు.
అంత దూరం, ఎండల.
నవ్వినం అందరం.

చాయ్ కాడ ఖండూ మామకు గుర్రాన్ని చూపించిన.
హమాలీ కాకముందు టాంగా తోలిన మనిషి.
అద్దాలు పైకి నెట్టి, ఫోను దూరం పట్టి
"పండ్లు సూసినవా?" అన్నడు.
నోరు తెరవదు మామా, ఏండ్లు నంబరేసి ఉంటయి.
"నంబరే ఉంటె మాలేగావ్ జాత్రల
దలాలీలు ఆకలికి సస్తుండె"
అని నవ్వి, నవ్వు ఆపి,
తన చాందీని అమ్మిన పొద్దు చెప్పిండు.
పండ్లకు ఆకురాయి పట్టించి
నాలుగేండ్లు తక్కువ చేసిండ్రట.
దస్తీ కింద దలాలీ చేతుల ఆయన వేళ్లు
చాలాసేపు.
ఇద్దరి మొకాల మీదా ఏమీ లేదు.
"అమ్మినంక ఎనుకకు సూడొద్దంటరు.
నేను సూసిన.
అది సూడలే.
గడ్డి తింటుండె."
చాయ్ గిలాస తిప్పి, అడుగున మిగిలింది
నేల మీద పోసి లేచిండు.

రాత్రి దుప్పటి కింద
అమ్మే బొత్తాం మీద నా బొటనవేలు.
ఇటు చెయ్యీ నాదే, అటు చెయ్యీ నాదే,
బేరం తెగదు.
దేవగిరి బండి వచ్చింది, ఆగింది, పోయింది.
ఆఖరికి నేనూ
ఎవ్వలూ పెట్టని రేటు ఒకటి పెట్టి
పండుకున్న.

తెల్లారి చూస్తె అమ్ముడుపోయింది.
ఆ రేటుకే.

కొన్నోళ్ల జాగల తొంగి చూసిన.
ఒకటే కొట్టం. ఒకటే గుర్రం.
పేరు మార్చిండ్రు, నాకు చదవరాని లిపి.
మేజోడు అట్లనే ఉన్నది.
తల కిందికి వంచి ఉన్నది.
ఆ ఆటల గుర్రాలన్నీ అట్లనే ఉంటయి
గడ్డి ఉన్నా లేకున్నా.

పసుపుకొమ్ముకు మొగపిల్ల.
మేజోడుంది గని, ముందరి కాలికి.

యార్డుల మొదటి చిట్టీ మీద
తూకం రాసే కాడ ఇరవై ఒకటి అని రాసి
కొట్టేసి
మల్ల రాసిన.