పదహారో గడి

మే నెల ధర్మాబాద్‌ల బొంత కుడుతున్ననంటే
పాలు పోసే మాధవ్ క్యాన్ కింద పెట్టి మరీ నవ్విండు.
"నలభై నాలుగు డిగ్రీలల్ల
ఎవరికి చలి పెడుతున్నది టీచరమ్మా?"

ఎవరికీ లేదు.
బడి మూసిండ్రు. జూన్ నడుమ దాకా
నన్ను లేపే గంట ఏదీ లేదు.
కూలర్ ముందట సాప పరిచి
తొమ్మిదేండ్ల పని ఒళ్లో వేసుకున్న.

నాలుగు అడ్డం, నాలుగు నిలువు.
ఒక గడి లెక్క ఇంకో గడి ఉండొద్దని
అప్పుడెప్పుడో పట్టిన పంతం.

మొదటిది నిచ్చెన.
బిలోలి బడికి బదిలీ అయిన ఏడు
ఎస్టీ బస్సు రాని పొద్దుల్ల, స్టాండు బల్ల మీద కుట్టింది.
ఎంతెంత అంగలో ఆ కుట్లు!
ఏ మెట్టు మీద కాలు పెట్టినా జారుడే.

చింతాకు మా చిన్నత్త రాజవ్వది.
నేర్పమంటే వీపు తిప్పి కూసునేది.
ఆమె మోచెయ్యి కదిలిన తీరు చూసి
ఆకులు ఎటు వంగుతయో పోల్చుకున్న.

గుమ్మడి గింజలు అనసూయాబాయి తొమ్మిది గజాల చీర అంచువి.
ఆమె మరాఠీల లెక్కపెట్టింది, నేను తెలుగుల అందుకున్న,
ఇద్దరి నడుమ ఒక గింజ ఎక్కువైంది.
"ఉండనీ, ఎవరో ఒకరు తింటరు" అన్నదామె.

మిర్చి మార్కెట్ల తొడిమెలు తీసే సావిత్ర
మొకానికి కట్టుకునే తువ్వాల ఒక గడి.
ఏడుసార్లు ఉతికిన.
సూది దిగినప్పుడల్లా తుమ్మిన.

మిగిలినవి చెప్పను. కొన్ని నాకే గుర్తు లేవు,
ఆ నీలం పువ్వుల గుడ్డ ఎవరిదో
మా ఇంట్ల ఎవ్వరూ ఒప్పుకోరు.

సెలవుల మొదటి వారం, చెయ్యి తిరిగిందన్న గర్వంతోటి
నిచ్చెన విప్పుదామని కూసున్న.
దారం అరగంటల వచ్చేసింది.
గుడ్డ మీద మాత్రం రెండు వరుసల చుక్కలు,
నిచ్చెన ఎక్కడ నిలబడ్డదో మరువని చుక్కలు.
ఇస్త్రీ పెట్టిన, నీళ్లు చల్లిన, గోటితో రుద్దిన.
ఆఖరికి ఆ చుక్కలల్లనే మళ్లా సూది దించిన.
అవే అంగలు. అదే జారుడు.

ఇగ పదహారో గడి.
చిలుక అనుకున్న, చక్రం అనుకున్న,
మరిది కొడుకు ఓంకార్ బ్యాటూ బంతీ కుట్టమన్నడు.
కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
కూలర్ ఆగి, గోడమీది బల్లి ఆగి,
వీధిల ఐసు బండోని గంట దూరమైనప్పుడు
ఏమీ అనుకోకుండనే
తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతోటి
ఉత్త సీదా కుట్టు పట్టిన.
పోవుడు, మలుగుడు, వచ్చుడు.
నాలుగు రోజులు పట్టింది. తొందర పడలే.

అంచు కుట్టి, జానెడు సందు మిగిలిన నాడు
అనసూయాబాయి గడపల నిలబడి అడిగింది:
"దాని పొట్టల ఏమన్నా పెట్టినవా?
ఆకలితోటి మూస్తే, కప్పుకున్నోళ్ల నిద్ర తింటది."
జొన్నరొట్టె తునక చాలన్నదామె.
బెల్లం అద్దింది నా అతి తెలివి.

ఆ రాత్రి మిద్దె మీద పరిచినం.
కప్పుకునుడు ఎక్కడిది, నలుగురం
నాలుగు మూలలకు పడి పొర్లినం.
గోదారి దిక్కు నుంచి గాలి వస్తదని మా ఆయన,
రాదని ఓంకార్, పందెం కట్టిండ్రు.
ఎవరు గెలిచిండ్రో వినకముందే నాకు కన్ను పడ్డది.

తెల్లారగట్ల చెయ్యి చుర్రుమంటే లేచి చూస్తే,
పిట్టగోడ దిగి, నిచ్చెన దాటి,
చింతాకుల నడుమ నుంచి, ఎక్కువైన గింజ పక్క నుంచి
పదహారో గడి మూల దాకా
ఎర్రచీమల బారు.

దులపబోయి, ఆగి
చేతులు మోకాళ్లకు చుట్టి చూసుకుంట కూసున్న.
ఎంత సన్నటి కుట్టు!
తొమ్మిదేండ్లల్ల ఒక్కనాడన్నా
నా చేతికి రాలే.